నిన్ఫా ఇంటికప్పు కొట్టించిన ఏడాది

మా పాంతెల్లేరియా దీవిలో, రెఖాలే ఊళ్ళో నిన్ఫా పేరెత్తితే ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఆమె ఎక్కడైనా వింటోందేమోనని వెనక్కి చూసుకుంటారు. మనిషి పొట్టి, మాట పొడుగు. దేన్నైనా పట్టుకుందంటే ఉడుంపట్టే. కట్టుకున్నవాడు చేపల పడవెక్కి పోయి ట్యునీషియా ఒడ్డున ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసిన రోజున ఆమె గుండెలు బాదుకుంటుందని ఊరంతా కాచుక్కూర్చుంది. ఆమె అతని చొక్కాలన్నీ తెచ్చి, గుమ్మంలో కూర్చుని, అందరూ చూస్తుండగా చింపి గచ్చు తుడిచే గుడ్డలు చేసుకుంది. మంచి నూలు గుడ్డ కావడంతో అవి చాలా కాలం వచ్చాయి.

పిల్లల్లేరు. రేవులో ఉన్న హోటల్లో ఏళ్ళ తరబడి గదులు ఊడ్చింది, పక్కల మీద దుప్పట్లు మార్చింది. తల్లి పోయాక రెఖాలేలోని ఇల్లు ఆమెకీ, సముద్రం అవతల ట్రాపనీలో ఓడల ఇంజన్లు బాగుచేసుకునే తమ్ముడు బార్తొలోకీ ఉమ్మడిగా వచ్చింది. పరాయివాళ్ళ హోటల్లో మార్చే దుప్పట్లేవో నా ఇంట్లోనే మార్చుకుంటానని ఆమె ఆ పని మానేసింది. వేసవిలో దీవికి వచ్చేవాళ్ళకి ఇంటిని వారాల చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తాను మాత్రం వెనక గాడిదల కొట్టం బాగుచేసుకుని అందులో పడుకునేది.

ఇల్లంటే దమ్ముసో. చాపిన చెయ్యంత మందాన నల్లరాతి గోడలు, మూడు గదులు, గదికో గుమ్మటం. మా పాంతెల్లేరియాలో ఏరు లేదు. ఇంటికప్పే మా బావి. వాన గుమ్మటాల మీద పడి, వాటి నడుమ కాలవల్లోంచి తూములోకి దిగి, ఇంటికింద రాతి సంపులో చేరుతుంది. తాగేదీ, వండేదీ, ఒళ్ళు కడుక్కునేదీ ఆ నీళ్ళతోనే. అందుకే మేము కప్పు మీద చెప్పులతో నడవం. పిల్లి ఎక్కినా అదిలిస్తాం.

అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి చేయకూడని పని నిన్ఫా చేసింది. వచ్చేవాళ్ళు తీసుకునే ఫోటోల్లో పక్క ఊరి గుమ్మటాలు తళతళలాడుతుంటే తన ఇల్లు పాత సున్నంతో మాసిపోయి కనిపించడం ఆమెకి కంటగింపుగా ఉండేది. రేవులో ఒక అంగడివాడు ఆమెకి రబ్బరు రంగు అంటగట్టాడు. ఒక్కసారి పూస్తే ఇక కప్పు మొహం చూడనక్కర్లేదన్నాడు. ఆమె తన చేత్తోనే పూసింది. ఆ వేసవిలో ఫోటోలు అదిరిపోయాయి. మరుసటేడు సంపులోంచి తోడిన నీళ్ళు కొత్త చెప్పుల వాసన కొట్టాయి. రంగు కింద చెమ్మ చిక్కుకుపోయి పాత గచ్చు ఉబ్బింది, ఆపైన పగిలింది. ఏప్రిల్లో కురిసిన వానకి, బొలోన్యా నుంచి వచ్చిన కొత్త దంపతుల పడక మీద ధార కట్టింది. వాళ్ళు ఆ తడిసిన పరుపును ఫోటో తీసి లోకమంతా చూసేలా పెట్టారు.

బార్తొలో కూడా చూశాడు. తర్వాతి ఓడకే దిగాడు, ఒంటరిగా కాదు, ఒక ఆలోచనతో. మిలాన్ కంపెనీ ఒకటి దీవిలో దమ్ముసోలు పదిహేనేళ్ళ కౌలుకి తీసుకుంటోందట. కప్పు మీద తారు పట్టా పరిచి, పైన సిమెంటు పోసి, తెల్ల రంగు వేస్తారట. సంపుని పూడ్చరట, అందులో దీపాలు పెట్టి ద్రాక్షసారా గది చేస్తారట. ఊరవేసుకునే కేపర్ మొగ్గల పొదల చోట ఈతకొలను తవ్వుతారట. నీళ్ళు ఓడలో వస్తాయట. నిన్ఫా ఇష్టపడితే దుప్పట్లు మార్చే పని ఆమెకే ఇస్తారట. ఆ ఆఖరి మాట అతను మేలు చేస్తున్నాననుకునే చెప్పాడు.

బార్తొలో చెడ్డవాడేం కాదు. కప్పులు కొట్టే రోజుల్లో, అంటే సున్నపు గచ్చుని దిమ్మిసలతో కొట్టి గట్టిపరిచే రోజుల్లో, నాన్న అతన్ని బడి మాన్పించి పైకెక్కించేవాడు. సున్నం తగిలి చేతులు పుండ్లు పడేవి. అప్పటినుంచీ ఈ నల్లరాళ్ళంటే అతనికి అసహ్యం. నాన్న నడుము ఈ ఇల్లే విరిచింది, ఇంకెవరి నడుమూ విరగక్కర్లేదని అతని వాదన. నిన్ఫాని మాత్రం నాన్న ఏనాడూ కప్పెక్కనివ్వలేదు. ఆడపిల్ల కింద పొయ్యి చూసుకోవాలనేవాడు. అందుకని కప్పు గురించి తమ్ముడికి తెలిసినంత ఆమెకి తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు.

"పాడుచేసింది నేను. బాగుచేసేదీ నేనే" అంది. "నాన్న కొట్టించినట్టే సున్నంతో కొట్టిస్తా. తారూ వద్దు, గీరూ వద్దు."

"ఎవరు కొడతారక్కా? కొట్టేవాళ్ళు సగం మంది పోయారు, మిగతా సగం కర్ర పట్టుకుని నడుస్తున్నారు."

నిన్ఫాకి ఒళ్ళు మండింది. మండినప్పుడు ఆమె నోరు ఆమె మాట వినదు. "ఐతే విను. శీతాకాలం రాకముందే కప్పు కొట్టిస్తా. తొలి వానకి ఒక్క చుక్క లోపల పడినా ఇల్లు నీ ఇష్టం, సంతకం పెట్టేస్తా. పడకపోతే ఈ కంపెనీ ఊసు జన్మలో ఎత్తకూడదు."

బార్తొలో ఆమె వంక కాసేపు చూశాడు. "తొలి వానకేనా?"

"తొలి వానకే."

"సరే" అన్నాడు.

అమ్మ ఇంటి మీద అక్కా తమ్ముడూ పందెం కాశారని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేమని నిన్ఫా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అది గుర్తుపెట్టుకోండి. చెప్పి ఉంటే కథ వేరేలా ఉండేది.

మర్నాడే ఆమె గాస్పరే మామ దగ్గరికి వెళ్ళింది. మా వైపు మిగిలిన కప్పు మేస్త్రీ ఆయనొక్కడే. మోకాళ్ళు పోయాయి కానీ చెవులు పోలేదు. ఆయన, పందెం ఊసు లేకుండా ఆమె చెప్పిందంతా విని, ఎర్ర కొండరాయీ సున్నమూ తాను చూపిస్తానన్నాడు. దిమ్మిసలు కూడా ఉన్నాయన్నాడు. లేనిది మనుషులేనన్నాడు.

"నీ కప్పుకి ఎవరొస్తారే? నువ్వెవరి కప్పుకెళ్ళావని?"

మా దగ్గర కప్పు కొట్టడానికి కూలీలుండరు. రోజుకి రోజు. నా కప్పుకి నువ్వొక రోజు వస్తే నీ ద్రాక్షకో, నీ కప్పుకో నేనొక రోజు వస్తాను. ఊరు బతికిందే అలా. నిన్ఫా మాత్రం ఇల్లు అద్దెకివ్వడం మొదలెట్టాక ఎవరి పనికీ వెళ్ళలేదు. వేసవిలో ఊరంతా తోటల్లో ఉంటే ఆమె తువ్వాళ్ళు ఉతుక్కునేది. కోతలకి ఎవరైనా పిలిస్తే, ఇంట్లో మనుషులున్నారని చెప్పి మొహం చాటేసేది.

ఆ సాయంత్రం ఆమె కొట్టం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఆగస్టుకి ఇల్లు అడిగినవాళ్ళందరికీ ఈ ఏడు ఇల్లు లేదని కబురు పెట్టింది. ఆగస్టంటే మాకు పండగ నెల, గాడిదల కొట్టం కూడా అద్దెకి పోయే నెల. ఏటేటా వచ్చే వెరోనా కుటుంబం నొచ్చుకుంది. ఆమెకీ మనసు చివుక్కుమంది, కానీ వెనక్కి తగ్గలేదు. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా కప్పెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని తను పూసిన రబ్బరు రంగుని తనే గీకేది. ఆగస్టు వచ్చి ద్రాక్ష కోతలు మొదలయ్యాక, ఎండ ఎక్కగానే తలకి గుడ్డ చుట్టుకుని పక్క తోటకి నడిచేది.

పక్క తోట వెనేరాది. వెనేరాకి నిన్ఫా అంటే పడదు. నిన్ఫా అద్దెవాళ్ళు ఆమె తోటలో దిగి, గుంటల్లో నేలకి ఆనుకుని పెరిగే ద్రాక్ష మొదళ్ళని తొక్కి ఫోటోలు దిగినప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్ళో ఎవరు ఎవరి పనికి వెళ్ళాలో చెప్పేది వెనేరాయే. ఆమె కదిలితే పదిమందీ కదులుతారు. నిన్ఫాకి ఇది తెలుసు కాబట్టే ముందు అక్కడికే వెళ్ళింది. వెనేరా అప్పుడు రాతి అరుగుల మీద జిబిబ్బో ద్రాక్షగుత్తులు ఎండబెట్టడానికి పరుస్తోంది.

"దొరసాని దిగొచ్చిందే" అంది వెనేరా తలెత్తకుండా. "రోజుకి రోజంటే గుర్తుందా, లేక నీ అద్దెవాళ్ళలాగా శనివారం నుంచి శనివారమా?"

"నువ్వు పని చెప్పు. తిట్లు సాయంత్రం తీరిగ్గా తిడుదువుగాని."

వెనేరా పని చెప్పింది. అందులో ఏ మొహమాటమూ పడలేదు. ఎండే గుత్తుల్ని ఒక్కొక్కటీ చేత్తో తిప్పాలి, తొక్క చిట్లకూడదు, కుళ్ళిన గింజ కనిపిస్తే ఏరిపారేయాలి. సాయంత్రం మంచు పడకుండా కప్పాలి, పొద్దున్నే మళ్ళీ తీయాలి. నల్లరాయి కాలి అరికాళ్ళు మాడేవి. షిరోక్కో గాలి ఆఫ్రికా ఇసుకని మోసుకొచ్చి కళ్ళల్లో కొట్టేది. ఈగలు, కందిరీగలు సరేసరి. నిన్ఫా హోటల్ గదుల్లో ఎంత చాకిరీ చేసిందో గానీ, ఎండలో చేసిన చాకిరీ వేరు. మొదటివారం నడుము పట్టేసి వంకరగా నడిచింది. వెనేరా చూసి నవ్వింది. మరుసటి వారం నవ్వడం మానేసింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అడక్కుండానే, బంగాళాదుంపలూ టమాటాలూ కేపర్లూ కలిపిన గిన్నె తెచ్చి నిన్ఫా ముందు పెట్టి, తను పక్కన కూర్చుని తింది.

"కప్పుకి ఎంతమంది కావాలే?" అంది నోట్లో ముద్ద పెట్టుకునే.

నిన్ఫాకి ఏడుపొచ్చినంత పనైంది. మొగుడు వదిలిపోయినప్పుడు రానిది ఉడికిన దుంప దగ్గర వచ్చింది. దాన్ని మింగేసి, గాస్పరే మామ ఎనిమిది మందన్నాడని చెప్పింది.

వెనేరా తోట అయ్యాక ఆమె ఇంకో ముగ్గురి తోటలకి వెళ్ళింది. కోతలు ముగిసి, ద్రాక్షసారా పీపాల్లోకి చేరాక, సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున్న నిన్ఫా వాకిట్లో దిమ్మిసలు పట్టుకుని జనం నిలబడ్డారు. గాస్పరే మామని కుర్చీతో సహా ఎత్తి గోడ మీద కూర్చోబెట్టారు.

కొండరాయి ముక్కలూ సున్నమూ కలిపి గుమ్మటాల మీద పరిచారు. దిమ్మిస ఎత్తినవాళ్ళలో నిన్ఫా కూడా ఉండటం చూసి గాస్పరే మామ, మరి కింద వంట ఎవరు చూస్తారని అడిగాడు.

"తెల్లారకముందే వండేశా మామా. నువ్వు దరువు వెయ్యి."

ఆయన కర్రతో రాయి మీద దరువు వేశాడు, వీళ్ళు కొట్టారు. అందరి దిమ్మిసలూ ఒక్కసారే పడాలి. ఒక్కరిది ముందో వెనకో పడితే ఆయనకి వినిపించేది. అందరినీ ఆపి, తప్పినవాళ్ళని పేరు పెట్టి కడిగేసేవాడు. ఎక్కువసార్లు వినిపించిన పేరు నిన్ఫాదే. నీళ్ళు చిలకరించి కొట్టడం, మళ్ళీ చిలకరించి మళ్ళీ కొట్టడం, రోజంతా అదే. వెనేరా పాత పాటలు ఎత్తుకుంది, అందులో కొన్ని ఆడవాళ్ళు మాత్రమే పాడుకునేవి. గాస్పరే మామ వినపడనట్టు కూర్చున్నాడు. మధ్యాహ్నం పుదీనా రవియోలీలు తిన్నారు, ఒకపూట చేపల కుస్కుస్ తిన్నారు. నిన్ఫా అరచేతులు బొబ్బలెక్కి చితికిపోతే గుడ్డ చుట్టుకుని కొట్టింది.

మూడో రోజు సాయంత్రానికి కప్పు చప్పుడు మారింది. అంతదాకా మెత్తగా పడుతున్న దెబ్బ ఖణేల్మంది. గాస్పరే మామ కర్ర దించేశాడు. బకెట్టు నీళ్ళు గుమ్మటం నెత్తిన పోయించాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా కాలవలోకి, అక్కణ్ణుంచి తూములోకి జారాయి. చూస్తూ నిలబడ్డ నిన్ఫాకి ఒళ్ళంతా నొప్పులున్నా గాల్లో తేలినట్టుంది. గెలిచేశాననుకుంది.

అక్టోబరులో ఆకాశం మూసుకొస్తోందని తెలియగానే బార్తొలో ఓడ దిగాడు. కాగితాలు సంచిలో పెట్టుకునే వచ్చాడు. వస్తూనే కప్పెక్కి చెప్పులు విప్పి అటూ ఇటూ నడిచాడు, వంగి అరచేత్తో తడిమాడు. బావుందని ముక్తసరిగా అన్నాడు. ఆ తర్వాత గుమ్మంలో కుర్చీ వేసుకుని సిగరెట్టు ముట్టించాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన మొదలైంది. తొలి వాన కప్పుని కడిగే వాన, దాన్ని సంపులోకి రానివ్వం. నిన్ఫా తూముకి గుడ్డ కుక్కి, నీళ్ళని తోటలోకి మళ్ళించి, లోపలికొచ్చి గదిగదికీ తిరిగింది. తల పైకెత్తుకుని, గోడలు తడుముకుంటూ తిరిగింది. మొదటి గది పొడిగా ఉంది, రెండోదీ పొడిగానే ఉంది. మూడో గదిలో, గోడలోకి తొలిచిన పడక గూట్లో, తలగడ వైపు మూలలో, సున్నం కొంచెం నల్లబడింది. ఆమె చూస్తుండగానే అక్కడొక చుక్క లావెక్కి, దుప్పటి మీద పడింది.

ఇంకో చుక్క పడింది. బార్తొలో గుమ్మం దగ్గరే ఉన్నాడు, సిగరెట్టు వాసన వస్తోంది. వాన చిన్నదే, కాసేపట్లో ఆగిపోతుంది. దుప్పటి మార్చడం ఆమెకి ఎంతసేపు? జీవితమంతా చేసిన పనే అది, కళ్ళు మూసుకుని చేస్తుంది. కొత్త దుప్పటి పరిచి, మూలకి తలగడలు ఎత్తిపెడితే ఎవరికీ తెలియదు. ఆమె చెయ్యి దుప్పటి అంచు మీదికి వెళ్ళింది కూడా. ఆ చేతికి ఇంకా కట్టు ఉంది.

"బార్తొలో" అని పిలిచింది. "ఇలా రా. పడింది."

అతను వచ్చి చూశాడు.

"ఇల్లు నీ ఇష్టం. మాటంటే మాటే" అంది నిన్ఫా. "కాగితం మీద తర్వాత పెడతా సంతకం. ముందు ఆ మూల సరిచేయాలి. నేను కొట్టిన కప్పు కారుతుండగా ఎవడికీ ఇవ్వను."

మూలనున్న దిమ్మిస అందుకుని వానలోకి నడిచింది. నిచ్చెన మీద కాలు పెట్టేసరికి బార్తొలో వెనకనుంచి వచ్చి దిమ్మిస పట్టుకున్నాడు.

"కొట్టకక్కా. గట్టిపడ్డ గచ్చుని ఇప్పుడు కొడితే పగులుతుంది."

"వదలరా."

"కొట్టక్కర్లేదు." ఇద్దరూ తడిసిపోతున్నారు, అతను దిమ్మిస వదల్లేదు. "కొత్త కప్పు తొలి వానకి కారుతుంది. ఏ కప్పైనా అంతే. సున్నం ఆ నీళ్ళు తాగి దానంతటదే మూసుకుంటుంది. రెండో వానకి కారదు. నాన్న కొట్టిన ప్రతి కప్పూ ఇలాగే చేసింది. నేను చూశాను."

నిన్ఫా నిచ్చెన మీదనుంచి కాలు తీసింది. ఆమె మొహంలో ముందు అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం, రెండూ కనబడ్డాయి.

"అంటే తొలి వానకని నేనన్నప్పుడే నీకు తెలుసు."

"తెలుసు."

"ఆగస్టంతా నేను వెనేరా అరుగుల మీద మాడుతున్నప్పుడూ తెలుసు."

"తెలుసక్కా."

కోపం ఆమెకి కొత్త కాదు, కానీ ఇంత కోపం కట్టుకున్నవాడి మీద కూడా రాలేదు. తమ్ముణ్ణి ఆ దిమ్మిసతోనే కొట్టాలనిపించింది. "మరి ఇప్పుడెందుకు చెప్పావు?" అంది చివరికి. "గెలిచావుగా. నోరు మూసుకుని కూర్చోలేకపోయావా?"

బార్తొలో నేలకేసి చూశాడు. "చుక్క పడేటప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నా. నువ్వు దుప్పటి మార్చేస్తావని చూస్తూ నిలబడ్డా. మార్చేస్తే నాకు సుళువయ్యేది. నువ్వు పిలిచావు."

వాన వాళ్ళిద్దరి మీదా పడుతూనే ఉంది. నిన్ఫా దిమ్మిసని గోడకి ఆనించింది. అతన్ని క్షమించాననలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. రెండో వాన దాకా ఊరు కదలడానికి వీల్లేదని మాత్రం చెప్పింది. బార్తొలో మర్నాటి ఓడ వదిలేశాడు, దాని తర్వాతి ఓడ కూడా వదిలేశాడు. ఈలోగా ఆమె అతనితో మాట్లాడింది లేదు, అన్నం మాత్రం పెట్టింది. వెనేరాకి జరిగిందంతా చెబితే ఆమె నోరెళ్ళబెట్టింది. కొత్త కప్పు తొలి వానకి కారుతుందని తెలియనివాళ్ళు కూడా ఈ దీవిలో ఉన్నారా అని నవ్వింది, నవ్వి నవ్వి ఆ తర్వాత బార్తొలోని నాలుగు తిట్టింది.

వాన రాబోతున్న రోజున భోజనమయ్యాక బార్తొలో తన పక్క తీసుకెళ్ళి మూడో గది గూట్లో, సరిగ్గా ఆ మూల కింద, తలగడ పెట్టుకుని పడుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. నిన్ఫా తూములోంచి గుడ్డ లాగేసింది. ఈసారి వాన గట్టిగా పట్టింది. ఇంటికింద సంపులోకి నీళ్ళు దూకే చప్పుడు గచ్చుని అదరగొట్టింది. ఆమె గది గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మూలలో సున్నం తెల్లగా ఉంది. వెళ్ళి తడిమింది, పొడిగా ఉంది. తలగడ తడిమింది, అదీ పొడిగానే ఉంది.

చెయ్యి తగిలి అతనికి మెలకువ వచ్చింది. పైకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు. లేచి కూర్చుని, జేబులోంచి ఫోను తీసి, మిలాన్‌లో కాగితాల కోసం కాచుకున్న కంపెనీ మనిషికి చేశాడు. అవతలివాడు ఏదో అడిగాడు.

"ఇవ్వడానికి అది నాది కాదండీ" అన్నాడు బార్తొలో. "అది మా అక్క ఇల్లు."

నిన్ఫా గోడ పట్టుకుంది. ఆ ఇల్లు ముందు నాన్న ఇల్లు, తర్వాత అమ్మ ఇల్లు, ఆ తర్వాత శనివారం వచ్చి శనివారం పోయేవాళ్ళ ఇల్లు. ఎవరి నోటా తన ఇల్లన్న మాట ఆమె అంతవరకూ వినలేదు.

"గట్టిగా చెప్పరా" అంది. "ఈ నీళ్ళ చప్పుడుకి వాడికి వినపడి ఉండదు."

బార్తొలో మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా.